ప్రేమాభిమానాల రిజిస్ట్రేషన్

కృష్ణపట్నం పోర్టు పుణ్యమా అని నెల్లూరు తీరంలో అంకణం రేటుతో పాటు స్నేహాలూ పెరిగాయి. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, మిద్దె ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దాయన మీద ముత్తుకూరు, ఇందుకూరుపేటల్లో కొందరికి ఉన్నట్టుండి ప్రేమ పొంగుతోంది. పొద్దున దోసెలు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం బీపీ మిషన్.

"అన్నా, చివరిదాకా నిన్ను నేనే చూసుకుంటా. ఇల్లు నా పేరున రాసెయ్. ఆశ ఉండి కాదన్నా, రేపు గొడవలు రాకుండా!"

ఆశ లేని ఈ మనిషే డాక్యుమెంట్ రైటర్‌నీ, ఇద్దరు సాక్షులనీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఆటోనీ మాట్లాడి పెట్టేసి ఉంటాడు.

ఆ దస్తావేజు చదివి తీరాలి. చెక్కుబందీ అంగుళం తేడా లేకుండా ఉంటుంది. తూర్పున ఎవరి గోడ, పడమర ఏ వీధి, అన్నీ ఉంటాయి. పెద్దాయనకు పూటకింత అన్నం ఎవరు పెట్టాలో మాత్రం ఉండదు. 'మీ యందు గల ప్రేమాభిమానముల చేత' అని ఉంటుంది.

అక్షరాలా కొంప ముంచే మాట అదే. 2007 నాటి వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, బాగోగులు చూడాలన్న షరతుతో 60 ఏళ్లు నిండినవారు ఆస్తి రాసిస్తే, పుచ్చుకున్నవాడు మొహం చాటేసినప్పుడు ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయొచ్చు. పుచ్చుకున్నది కొడుకైనా మిత్రుడైనా ఒకటే. కానీ షరతు ఏదీ? షరతు ఉన్నట్టు చూపాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రేమతో రాసిచ్చేవాళ్లు చాలాసార్లు తిరిగి ఏమీ ఆశించరని కూడా అంది! 2025 జనవరిలో అదే కోర్టు ఒక మధ్యప్రదేశ్ తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అక్కడ చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన కాగితం ఆమె చేతిలో ఉంది.

షరతు పక్కాగా ఉన్న బేరమూ ఒకటుంది. 1965లో ఫ్రాన్స్‌లో ఒక నోటరీ 90 ఏళ్ల జాన్ కాల్మాతో బేరం కుదుర్చుకున్నాడు. ఆమె బతికినన్నాళ్లూ నెలకు 2,500 ఫ్రాంకులు ఇవ్వాలి, పోయాక ఫ్లాటు తనది. 1995లో తనే పోయాడు. ఆమె 122 ఏళ్లు బతికి 1997లో కన్నుమూసింది. పాపం, ముందు ఇల్లు, తర్వాత పోషణ అనే మన పద్ధతి అతనికి తెలియలేదు.

కాబట్టి పెద్దలారా, రాయాలనిపిస్తే షరతును దస్తావేజులోనే రాయించండి. లేదా వీలునామా రాయండి, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అది వినగానే ముఖం మాడ్చుకునే మిత్రుడికి కాఫీ ఇచ్చి పంపించేయండి.