మూసీ వెంట, కాలువ వెంట

నేను జాయ్‌స్టిక్‌ని. మునగాలలో హైవేకి ఒక వీధి లోపల, ఒక ఇంటి ముందుగదిలో కిటికీ పక్క బల్ల మీద ఉంటాను. నన్ను ముందుకు తోస్తే తెర మీది విమానం ముక్కు దించుతుంది, వెనక్కి లాగితే ఎత్తుతుంది. పక్కకు వంచితే రెక్క వాలుతుంది, మెలి తిప్పితే రడ్డర్ కదులుతుంది. చేతి కదలికను అంకెలు చేసి కంప్యూటర్‌కు అందించడమే నా పని. నన్ను పట్టుకున్న మనిషి భయం, తొందర, నిదానం అన్నీ ముందు నాకే తెలుస్తాయి.

నన్ను ఈ ఇంటికి తెచ్చింది మనవరాలు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఒక సెకండ్ హ్యాండ్ కొట్లో నన్ను చూసి కొన్నది. ఆమెకు విమానాలంటే ఇష్టం. కానీ నన్ను సెలవులకు ఊరికి మోసుకొచ్చింది మాత్రం తాతయ్య కోసం. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. ఒకప్పుడు బడి పిల్లలందరినీ బస్సెక్కించి సాగర్, ఫణిగిరి, పిల్లలమర్రి తిప్పిన మాస్టారు, ఇప్పుడు మోకాళ్లు మొరాయించి గడప దాటడం లేదు.

"తాతయ్యా, నువ్వు దారి చెప్పు. నేను తీస్కపోత."

"యాడికి బిడ్డా?"

"నువ్వు పిల్లల్ని తీస్కపోయిన కాడికే. ఈసారి పైనుంచి."

మా వంశం గురించి ఒక మాట చెప్పాలి. ఆర్గన్లు, పియానోలు చేసే ఇంట పుట్టిన ఎడ్విన్ లింక్ అనే అమెరికన్, ఆర్గన్‌లో వాడే తోలు తిత్తులతోనే 1929లో నేల మీద ఊగే శిక్షణ విమానాన్ని తయారు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది పైలట్లు దాంట్లో కూర్చునే నేర్చుకున్నారు. బ్రూస్ ఆర్ట్‌విక్ ఆ విద్యను ఇంట్లో వాడే కంప్యూటర్లలోకి తెచ్చాడు. 1982లో అది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ పేరుతో వచ్చింది. 2020లో వచ్చిన కూర్పులో భూగోళం మొత్తం ఉంది. ఉపగ్రహ చిత్రాలు, ఎత్తుపల్లాల కొలతలు ఇంటర్నెట్ ద్వారా అప్పటికప్పుడు దిగుతాయి. ఇక్కడ నెట్ నెమ్మదిస్తే కింది పొలాలు అలుక్కుపోతాయి. కాసేపు ఓపిక పడితే గట్లతో సహా తేరుకుంటాయి.

మా విమానం సెస్నా 172. నలుగురు పట్టే ఒంటి ఇంజన్ బండి. రెక్క తలపైన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి కిందికి చూస్తే అడ్డేమీ ఉండదు. ఊళ్లు చూడాలంటే ఇలాంటి విమానమే కావాలి, జెట్‌లో వెళ్తే కనిపించేది మబ్బులే. ఇది మొదటిసారి ఎగిరింది 1955లో. ఆ సంగతి వినగానే తాతయ్య కళ్లు మెరిశాయి. ఆ ఏడాది డిసెంబర్ 10నే నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు.

బేగంపేటలో బయల్దేరాం. 2008లో శంషాబాద్ తెరిచాక ప్రయాణికుల విమానాలు ఆగిపోయిన రన్‌వే అది. తూర్పు ముఖంగా పరుగు పెట్టించి, వేగం అందుకోగానే మనవరాలు నన్ను మెల్లగా వెనక్కి లాగింది. నగరం దాటాక కుడివైపు విజయవాడ హైవే, ఎడమవైపు మూసీ. ఆ రెంటి మధ్య నుంచి పొమ్మన్నారు తాతయ్య. ఎత్తు 3,500 అడుగుల దగ్గర పట్టి ఉంచింది. కొంతదూరం పోయాక ఆమె అనుమానంగా అడిగింది.

"తాతయ్యా, నేను పైకి పోవట్లే. మరి ఊళ్లు చిన్నగవుతున్నయేంది?"

"నువ్వు పోవట్లే. నేల దిగుతాంది."

బేగంపేట సముద్రమట్టానికి 1,740 అడుగుల ఎత్తున ఉంది. మునగాల చేరేసరికి నేల అంతకంటే వెయ్యి అడుగులకు పైగా దిగిపోతుంది. బస్సులో ఎన్నిసార్లు తిరిగినా ఆ వాలు ఎవరికీ తెలియదు. ఇక్కడ అల్టీమీటర్ ముల్లు కదలకుండా నిలబడితే, దాని కింద దక్కన్ పీఠభూమి కృష్ణ వైపు జారిపోతూ కనిపించింది. ఆ వాలు పట్టుకునే మూసీ సూర్యాపేటకు ముందు హైవే కిందుగా దూరి దక్షిణానికి తిరుగుతుంది. చరిత్ర పాఠం ఇక్కడ మొదలుపెట్టాలని తాతయ్య అన్నారు. రాజుల పేర్లు తర్వాత, ముందు నీళ్లు ఎటు పోతాయో చూడాలి.

పిల్లలమర్రి దగ్గర దెబ్బ తగిలింది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లున్న ఊరది. ఎరకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ కట్టించింది. నల్లరాతి స్తంభాలను అద్దంలా నునుపు తేల్చిన ఆ మంటపం ఉండాల్సిన చోట యంత్రం ఒక మామూలు డాబా ఇల్లు నిలబెట్టింది. కంప్యూటర్ పైకప్పు ఆకారాన్ని చూసి ఏదో ఒక భవనాన్ని ఊహించి పెడుతుంది. ప్యారిస్ కట్టడాలను ఒక్కొక్కటిగా చెక్కి పెట్టినవాళ్లకు పిల్లలమర్రి ఎవరు చెప్పారు గనక? తాతయ్య కుర్చీలో వెనక్కి వాలిపోయారు. నా మీద ఉన్న చేయి కూడా సడలింది.

కాసేపటికి ఆయనే ముందుకు వంగారు. "గుడి లేకపోతే లేదు గానీ, చెరువు సూడు. సుట్టు తిప్పు."

ఎడమవైపు వంచి ఆమె గుండ్రంగా తిప్పింది. చెరువు, దాని కట్ట, కట్ట కింద మడులు, వాటి పక్కన ఊరు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, ఊరు నిలపడం కాకతీయుల కాలంలో ఒకే పని అని ఆయన చెబుతుంటే, కింద ఆ పనంతా ఒక్క చూపులో కనిపించింది. భవనం అబద్ధమైనా భూమి నిజం. ఆ మధ్యాహ్నం నుంచి మా ప్రయాణాలకు అదే పద్ధతి.

ఉత్తరానికి తిప్పితే ఫణిగిరి. మైదానంలో విడిగా లేచిన గుట్ట. పైన మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు ఉన్న బౌద్ధక్షేత్రం. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శనకు వెళ్లాయి. 2024లో మట్టికుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయి. అన్ని నాణేలు ఈ గుట్ట మీదికి ఎందుకొచ్చాయో తెలియాలంటే గుట్ట కొన కంటే కాస్త ఎత్తున ఎగరాలి. నాలుగు దిక్కులా చూపు ఎంత దూరం పోతుందో అప్పుడు అర్థమవుతుంది. దారిన పోయే బేహారికి దూరం నుంచే కనిపించే చోటు, గుట్ట మీది భిక్షువుకు దారులన్నీ కనిపించే చోటు.

మా మునగాల మీదికి వచ్చినప్పుడు మాత్రం తాతయ్య గొంతు మారిపోతుంది. తెర మీద ఏ సరిహద్దూ లేదు. ఆయన పుట్టేనాటికి ఈ చుట్టుపక్కలంతా నైజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రపు కృష్ణా జిల్లాలోది. 1959లో నల్లగొండలో కలిపారు. ఇంగ్లీషు పాలనలో ఉన్న ఈ చిన్న ముక్క నుంచే రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు వెళ్లి 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనకు నడుం కట్టారు. 1906లో వాళ్ల చొరవతోనే తెలుగు పుస్తకాల ప్రచురణకు విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. జెండా వెంకయ్యగా పేరుపడ్డ పింగళి వెంకయ్య రాజావారి దగ్గర ఉండి పత్తి వంగడాల మీద పరిశోధన చేసిందీ పక్కనున్న నడిగూడెంలోనే. విమానం ఈ పరగణాను దాటడానికి పట్టే సమయం నిమిషాల్లోనే. ఆయన చెప్పడానికి పట్టే సమయం అంతకు చాలా రెట్లు. అందుకని మనవరాలు ఇక్కడ ఎప్పుడూ చుట్లు కొడుతూనే ఉంటుంది.

అన్ని ప్రయాణాల్లో నాకు బాగా నచ్చింది సాగర్ నుంచి ఇంటికి తిరిగొచ్చే దారి. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. అక్కడ అగస్త్యేశ్వరుడి గుడి దగ్గర పడమరకు తిరిగి కృష్ణకు ఎదురు వెళ్తే డ్యామ్, దాని వెనక జలాశయం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల కింద ఉంది. మునిగిపోయే ముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను ఒక్కో రాయీ విప్పి నాగార్జునకొండ మీద మళ్లీ పేర్చారు. ఆ కొండే ఇప్పుడు దీవి. దాని మీదుగా ఎగిరేటప్పుడు తాతయ్య మాట్లాడరు.

తర్వాత ఎడమ కాలువ పట్టుకుంటాం. లాల్ బహదూర్ కాలువ. అది తిన్నగా పోదు. ఎత్తు పోగొట్టుకోకుండా గుట్ట గుట్టనూ చుట్టి వస్తుంది. దాని వెంట ఎగరాలంటే నేను అటూ ఇటూ వంగుతూనే ఉండాలి, ఒక్క నిమిషం కూడా నిటారుగా నిలబడను. కాలువకు కుడివైపు, అంటే కృష్ణ వైపు, వరి. ఎడమవైపు లిఫ్టులూ బోర్లూ ఉన్న చోట తప్ప మెట్ట. ఎక్కడెక్కడికి నీళ్లు ఎక్కుతాయో, ఎక్కడ ఎక్కవో నేల మీద రంగుతో గీసినట్టుంటుంది. హాలియా, మిర్యాలగూడ రైస్ మిల్లుల ప్రాంతం, మూసీ దాటి కాలువ మా వైపు వచ్చి, నడిగూడెం దాటి పాలేరు జలాశయంలో పడుతుంది. 1967లో కాలువలకు నీళ్లు వదిలిన తర్వాత వాళ్ల నాన్న జొన్న మానేసి వరి వేశారని తాతయ్య చెప్పారు.

"విజయపురి మునిగింది. మనకు బువ్వ అయింది. రెండూ పిల్లలకు చెప్పాలె."

వాళ్లకు చెప్పడం మొదలైంది కూడా. ఆదివారాలు వీధిలో పిల్లలు వస్తున్నారు, వంతులవారీగా నన్ను పట్టుకుంటున్నారు. మొదట్లో అందరూ నన్ను గట్టిగా పిండేస్తారు. విమానం ఎగిరిపడుతుంది. వేళ్లతో పట్టుకో, పిడికిలితో కాదు అని మనవరాలు చెబితే సర్దుకుంటారు. పిల్లలమర్రి మీదికి రాగానే ఒక పిల్లాడు, "సార్, మా అమ్మమ్మోళ్ల ఊరు ఇది, గుడేది?" అని నిలదీశాడు.

మనవరాలు ఇప్పుడు ఆ గుడిని కంప్యూటర్‌లో కట్టడం మొదలుపెట్టింది. బ్లెండర్‌లో గుడి నమూనా చేసి సిమ్యులేటర్‌లో దాని స్థానంలో నిలబెట్టవచ్చు. లోకంలో ఎక్కడెక్కడివాళ్లో తమ ఊళ్ల కట్టడాలను అలాగే చేర్చుకుంటున్నారు. ఎరకేశ్వరాలయం ఫోటోలు వచ్చాయి గానీ కొలతలు చాలలేదు. సూర్యాపేటలో ఉన్న తన పాత శిష్యుడికి తాతయ్య ఫోన్ చేసి, టేపు పట్టుకెళ్లి మంటపం పొడవు, వెడల్పు, స్తంభాల మధ్య ఎడం, అధిష్ఠానం ఎత్తు రాసుకురమ్మన్నారు. రాతి పాలిష్ ఏ వేళ ఎలా మెరుస్తుందో పొద్దునా సాయంత్రం రెండు పూటలా ఫోటోలు తీయమన్నారు. ఈలోగా మనవరాలు ఆ డాబా ఇంటిని తెర మీంచి తీసేసింది.