రాడ్డు చివరి గిలకను నేను

రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ చెంపలు, వాటి మధ్య తిరిగే చిన్న రోలర్, దాన్ని పట్టి ఉంచే సీల, వెనక రాడ్డుకు తొడిగే గొట్టం. ఇంతే నేను. బావి గిలకను బొటనవేలంత చేసి గాలం రాడ్డు కొసకు బిగించారనుకోండి, అదే నా రూపం. నన్ను రోలర్ టిప్ అంటారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నాలాంటివి అరుదు. ఇక్కడ వలదే రాజ్యం. గాలం వేసేవాళ్లు కూడా చేత్తోనే వేస్తారు, రాడ్డు జోలికి పోరు.

మా యజమాని ఓడల్లో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఆయన పనిచేసిన సరుకు ఓడ న్యూయార్క్ రేవులో ఆగినప్పుడు ఒక దుకాణంలో నన్ను కొన్నాడు. అక్కడి లాంగ్ ఐలండ్ కొసన మాంటాక్ అనే ఊరుంది. ఆ సముద్రంలో చారల బాస్ చేప కోసం దారం బదులు లోహపు తీగతో వేటాడటం పాత అలవాటు. అందుకే ఆ పక్క దుకాణాల్లో మాకు గిరాకీ. ఇక్కడికొచ్చాక నా పని మారలేదు, చేప మారింది. బాస్ పోయి కోనాం వచ్చింది. అదేనండీ, హోటల్లో మీరు వంజరం వేపుడు అడుగుతారే, ఆ చేప.

తీగ ఎందుకంటారా? కోనాం అన్నివేళలా పైపైనే తిరగదు. ఎండ ఎక్కేకొద్దీ లోతుకు దిగుతుంది. నడిచే బోటు వెనక నైలాన్ దారం వదిలితే ఎర నీటి పైపొరలోనే కొట్టుకుంటూ వస్తుంది. బరువు కడితే దిగుతుంది గానీ ఎర ఆట చెడుతుంది. తీగకైతే బరువు దాని ఒంట్లోనే ఉంది. పైగా సన్నంగా ఉంటుంది కాబట్టి నీళ్లను కోసుకుంటూ కిందికి పోతుంది. బోటు నెమ్మదిగా పోతుంటే 100 అడుగుల తీగకు సుమారు 10 అడుగుల లోతు అని ఒక లెక్క. వేగం పెంచితే ఎర పైకి తేలుతుంది. ఎంత తీగ పోయిందో తెలియడానికి ప్రతి 50 అడుగులకూ రంగు టేపు చుట్టుకుంటారు. కోనాం పళ్లకు నైలాన్ ఒక లెక్క కాదు, తీగ మాత్రం తెగదు. అది అదనపు లాభం.

తీగలోనూ రెండు రకాలు. స్టెయిన్‌లెస్‌కు బలం ఎక్కువ, కానీ ఒకసారి మెలిక పడితే అక్కడే పుటుక్కున తెగుతుంది. నికెల్, రాగి కలిసిన మోనెల్ కాస్త మెత్తన, మెలికలు తక్కువ. ఏదైనా సరే, మెలిక కనిపిస్తే అంతవరకూ కత్తిరించి మళ్లీ ముడి వేసుకోవాలి తప్ప సరిచేసి వాడకూడదు.

ఒకరోజు జెట్టీ మీద మా యజమాని తీగ చుడుతుంటే జాలరిపేట కుర్రాడొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. సొంతంగా ఫైబర్ బోటు ఉన్నవాడు. గాలం వేసి సూరలు పట్టడంలో చెయ్యి తిరిగినవాడు.

"బాబాయ్, ఏటిది? ఒక్క కోనానికి ఇన్ని సోకులా?"

"సోకు కాదురా. తీగరా ఇది. నీ దారంలాగ వేలి మీద జారదు, కోసేస్తాది."

"మన ఉక్కు ఫ్యాక్టరీ తీగేనా?"

"మనోళ్లు వైర్ రాడ్ తీస్తారు గానీ అది కార్బన్ స్టీలు. సంద్రంలో దింపితే తుప్పు నమిలేస్తాది. ఇది వేరే జాతి."

వేలినే కాదు, తీగ దేన్నైనా కోస్తుంది. రాడ్డు పొడవునా ఎన్ని రింగులున్నా అసలు ఒత్తిడి పడేది కొసన ఉన్నదాని మీదే. బోటు అంచు నుంచి రాడ్డు పక్కకు చాచి ఉంటుంది, తీగ వెనక్కి పోతుంది. ఆ రెండింటి మధ్య మలుపు నా దగ్గరే. మిగతా రింగులు తీగకు దారి చూపిస్తాయి, నేను దాని బరువు మోస్తాను. అందుకే తీగ వాడే రాడ్డుకు ముందు చూడాల్సింది టిప్.

ఈ రాడ్డుకు నాకు ముందు మామూలు క్రోమ్ పూత రింగు ఉండేది. నైలాన్ దారానికి అది చాలు. తీగ ఎక్కించాక మాత్రం దాని మీద గాడి పడింది. గాడి పడితే రింగు ఒక్కటే పోదు. ఆ గాడి అంచు తీగను గీరుతుంది. గీరిన చోట తీగ బలం చస్తుంది. చేప లాగినప్పుడు తెగేది సరిగ్గా అక్కడే. పోయేది చేప ఒక్కటేనా? ఎర, గాలం, నీళ్లలో ఉన్న తీగ మొత్తం పోతుంది.

అలాంటప్పుడు దారులు మూడు. ఒకటి, సిలికాన్ కార్బైడ్ రింగు. చాలా గట్టిది, నున్ననిది, తేలికైనది. కానీ పెళుసు. బోటు అంచుకు తగిలి చిట్లితే ఆ చిట్లు కంటికి ఆనదు, తీగను మాత్రం కోస్తుంది. రెండోది, టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు. లేతు మిషన్ మీద ఉక్కును చెక్కే పనిముట్టుకు మొనగా పెట్టేది ఈ కార్బైడే. మా యజమాని ఫిట్టర్ కాబట్టి దాని గట్టితనం ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. గాడి పడటం చాలా అరుదు, తిరిగే భాగాలు లేవు, నూనె అడగదు. మూడోది నేను.

నా గొప్ప ఏమిటంటే నేను తీగను రాయను, తీగతోపాటు తిరుగుతాను. పెద్ద చేప పడి తీగ జోరుగా పోతున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. నా లోపాలూ చెబుతాను. రింగు కన్నా బరువెక్కువ, కాబట్టి రాడ్డు కొస మొద్దుబారుతుంది, చిన్న చేప ముట్టుకుంటే చేతికి తెలియదు. ఉప్పు పేరుకుని రోలర్ బిగుసుకుపోయిందా, తిరగని గిలక మీద తీగ రంపంలా నడుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, రోలర్‌కూ చెంపకూ మధ్య సందు. తీగ మందం సుమారు అర మిల్లీమీటరు. సందు అంతకన్నా ఎక్కువుంటే తీగ అందులోకి జారి ఇరుక్కుంటుంది. అదే సమయంలో చేప లాగితే తీగ పుటుక్కుమంటుంది. నాసిరకం రోలర్ టిప్ కన్నా మామూలు రింగే నయమని అందుకే అంటారు.

ఆ కుర్రాడు ఒక వేకువన మాతో వచ్చాడు. డాల్ఫిన్ నోస్ కొండ వెనకబడ్డాక కానాగంత చేపను ఎరగా గుచ్చి, రీలు మీద బొటనవేలు ఆనించి మా యజమాని తీగ వదిలాడు. వేలు తీస్తే డ్రమ్ము అతిగా తిరిగి తీగ చిక్కు పడిపోతుంది. టేపు గుర్తులు ఒక్కొక్కటే నా మీదుగా టిక్కుమంటూ పోయాయి. ఆరో గుర్తు దాటాక ఆపాడు. కాసేపటికి రాడ్డు ఒక్కసారిగా వంగింది. తీగ సాగదు, కాబట్టి వంగే పని రాడ్డుదే. అందుకే తీగకు మెతక ఫైబర్‌గ్లాస్ రాడ్డు కావాలి. నా రోలర్ గిర్రున తిరిగింది. కోనాం బోటు పక్కకు వచ్చేదాకా కుర్రాడి కళ్లు చేప మీద లేవు, నా మీదే ఉన్నాయి.

చేపను కొక్కెంతో లోపలికి లాగాక అతను తన అరచెయ్యి చాపాడు. చూపుడు వేలి మడత దగ్గర పాత కోతలు గీతల్లా గట్టిపడి ఉన్నాయి. సైకిల్ ట్యూబు ముక్క వేలికి తొడుక్కున్నా సూర లాగినప్పుడు దారం దాన్ని దాటి దిగుతుందట. "మాకు టిప్పు ఇదే బాబాయ్" అన్నాడు నవ్వుతూ. ఈ తీరంలో కొమ్ముకోనాం అనే పెద్ద చేప గాలానికి పడి మనిషినే నీళ్లలోకి లాగేసిన సందర్భాలున్నాయి. దారం గానీ తీగ గానీ చేతికి చుట్టుకోవద్దని పెద్దలు చెప్పేది ఊరికే కాదు. నేను అరిగితే నన్ను వేడి చేసి జిగురు కరిగించి ఊడదీస్తారు, కొత్తది తొడుగుతారు. వేలికి ఆ సౌకర్యం లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. ఆ రోజుల్లో మా యజమాని నా సీల విప్పి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చుక్క నూనె వేస్తాడు. దూది ముక్క తీసుకుని మిగతా రింగులన్నిటిలో తిప్పుతాడు. కంటికి కనబడని పగులుకు కూడా దూది పోగు చిక్కుకుంటుంది.

తీగతో వేటకు పోవాలనుకునేవాళ్లకు నా మాట ఒకటి. దుకాణంలో రాడ్డు మెరుపు చూసి మురిసిపోకండి. తీగ ముక్క వెంట తీసుకెళ్లండి, దాన్ని రోలర్ పక్క సందులోకి దూర్చి చూడండి. దూరితే ఆ టిప్ వద్దు. రోలర్‌ను వేలితో తిప్పండి, తడబడితే అదీ వద్దు. జిగురు కూడా వేడికి కరిగేదే అడగండి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ కడిగి నూనె వేసే ఓపిక ఉంటే నన్ను కొనండి. ఆ ఓపిక లేదనుకుంటే టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు కొనండి, నేనేమీ అనుకోను. క్రోమ్ పూత రింగు మాత్రం తీగకు పనికిరాదు.