తిని కూసుంటున్నదట!

మొయినాబాద్ మండలం చిన్న మంగళారం చుట్టుపక్కల చేన్లలో కూరగాయలు, పూలు పండుతాయి. పొద్దు పొడవకముందే వంగి తెంపేది ఆడవాళ్లే. వాళ్లలో ఒకామెకు నలభై అయిదు దాటి జాకెట్ బిగుతైందనుకోండి. దర్జీ కుట్లు విప్పకముందే ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది: "ఏం పనుంది నీకు? తిని కూసుంటున్నవ్."

తీర్పు చెప్పిన పెద్దమనిషి అరుగు దిగడు. చాయ్ కూడా అక్కడికే రావాలి. ఆయన పొట్ట మీద విచారణ ఉండదు. అది హోదా!

అసలు ముద్దాయి ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడం. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లుడుగుతాయి. అండాశయాలు ఆ హార్మోన్ తయారీ తగ్గించాక, తొడలకు చేరే కొవ్వు పొట్టలోకి, పేగుల చుట్టూ మకాం మారుస్తుంది. ఇన్సులిన్ మాట ఒళ్లు సరిగా వినదు. చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, ఎముక పలచబడుతుంది. వయసు కండను కరిగిస్తే, ఆవిర్లు నిద్రను మింగేస్తాయి. తిన్న బువ్వ అదే, చేసిన పని అదే. లెక్క మాత్రం మారిపోయింది.

ఇక 'మెటబాలిజం లేపే' పొడి డబ్బాల బేరగాళ్లు. 2021లో 'సైన్స్' పత్రికలో 6,400 మందికి పైగా మనుషుల కొలతలతో ఒక పరిశోధన వచ్చింది. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, 20 నుంచి 60 ఏళ్ల దాకా శక్తి ఖర్చు దాదాపు నిలకడగానే ఉందని తేలింది. నిద్రపోనిదాన్ని లేపుతామని వేలు గుంజుతున్నారన్నమాట.

చిన్న మంగళారం పక్కనే చిలుకూరు గుడి. కొడుకు వీసా కోసం అమ్మ 11 ప్రదక్షిణలు చేస్తుంది, వచ్చాక 108. ఆమె షుగర్ పరీక్ష కోసం కొడుకు దవాఖాన చుట్టూ ఒక్క చుట్టు తిరగడు.

రక్తస్రావం ఎక్కువైతే మాత్రం అందరికీ హుషారొస్తుంది. "పిల్లలైండ్రు గదా, సంచి తీపిచ్చేయ్!" కిరాయిదారు ఖాళీ చేశాడని గదిని కూలగొట్టినట్టు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. ఈ ఒక్క పోటీలో రెండు రాష్ట్రాలకూ పేచీ లేదు. అండాశయాలు కూడా తీసేస్తే ఏళ్ల తరబడి జరగాల్సిన మార్పు ఆపరేషన్ బల్ల మీదే ముగుస్తుంది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

అన్నట్టు, ఆ కుటుంబ ఆరోగ్య సర్వే ఆడవాళ్ల బరువును 49 ఏళ్ల దాకానే లెక్కేస్తుంది. ఆ తర్వాత ఆ సర్వే తక్కెడకూ ఆమె ఆనదు.

2023 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం 'ఆరోగ్య మహిళ' మొదలుపెట్టింది. మంగళవారం ఆడవాళ్లకే అన్నారు, మెనోపాజ్ సేవలూ అందులో చేర్చారు. అమ్మలారా, ఆ పేరు చెప్పి దగ్గరి సర్కారు దవాఖానలో గట్టిగా అడగండి. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నడుము చుట్టూ టేపు పెట్టించుకోండి. 80 సెంటీమీటర్లు దాటితే డాక్టరుతో మాట్లాడండి. సంచి తీసేద్దామంటే ఇంకో డాక్టరును అడగకుండా సంతకం పెట్టకండి. అరుగు మీది ఆయనకూ ఒక టేపు కొనిపెట్టండి.