పిచ్చీ, పెళ్ళీ, ఎసింక్ కోడూ

డెస్క్‌టాప్ ప్రోగ్రాములో బటన్ నొక్కగానే విండో పాలిపోయి, నెత్తిన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడిందంటే చాలు, అందరూ నెట్‌ని తిడతారు, డేటాబేస్‌ని తిడతారు, కొత్త ర్యామ్ కొనివ్వని యాజమాన్యాన్నీ కలిపి తిడతారు. విండోస్ చెబుతున్నది మాత్రం చిన్న మాటే: ఈ విండో 5 సెకన్లుగా తనకొచ్చిన మెసేజీలు అందుకోవడం లేదు. అందుకోవాల్సింది యూఐ థ్రెడ్. క్లిక్కులు వినడం, తెర గీయడం అన్నీ ఆ ఒక్కదాని నెత్తినే. కనుక తప్పు వెతికేవాళ్ళు మొదట తేల్చాల్సింది ఆ థ్రెడ్ ఎవరికోసం కాచుకు కూర్చుందన్నదే.

సాక్ష్యం కావాలంటే టాస్క్ మేనేజర్ చూడండి. ప్రోగ్రాము బిగుసుకుపోయి ఉంటుంది, సీపీయూ వాడకం సున్నా దగ్గర తచ్చాడుతుంటుంది. గొడ్డుచాకిరీ చేసేవాళ్ళ లక్షణం కాదది. విజువల్ స్టూడియోలో ‘బ్రేక్ ఆల్’ నొక్కి మెయిన్ థ్రెడ్ కాల్ స్టాక్ తెరిస్తే, దొరగారు తరచుగా, పని అయ్యేదాకా థ్రెడ్‌ని కదలనివ్వని ఏ ‘.రిజల్ట్’ దగ్గరో, ‘.వెయిట్’ దగ్గరో పట్టుబడతారు. 2012లో సీషార్ప్ 5తో వచ్చిన అవెయిట్‌కి ఓ నియమం ఉంది: యూఐ థ్రెడ్ మీద మొదలైతే, పని ముగిశాక మిగతా కోడునీ అక్కడే నడిపిస్తుంది. ఆ థ్రెడ్డేమో ఫలితం చేతికొస్తే గానీ లేవనని బైఠాయించింది. మిగతా కోడు నడిస్తే గానీ ఫలితం రాదు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు! ఇదే కోడు కన్సోల్ ప్రోగ్రాములో నిక్షేపంగా నడుస్తుంది. వెనక్కి రమ్మని పట్టుబట్టే సింక్రొనైజేషన్ కాంటెక్స్ట్ అక్కడ లేదు. అందుకే ‘మా టెస్టులో బాగానే వచ్చింది సార్’ అనే మాట నిజమే, అది పనికిరాని మాటన్నదీ నిజమే.

లెక్కలు నిజంగానే బరువైతే, అంటారా? అప్పుడు సీపీయూ కోర్ ఒకటి ఉడికిపోతూ కనిపిస్తుంది; ఆ లెక్కను టాస్క్ డాట్ రన్‌కి అప్పగించండి. అలాగైతే అన్నీ వేరే థ్రెడ్లకే ఇచ్చేద్దామంటే, అక్కణ్ణుంచి లేబుల్ ముట్టుకోగానే విన్‌ఫార్మ్స్ ‘క్రాస్ థ్రెడ్’ అని కసురుతుంది. అనేక థ్రెడ్లు కలిసి తెరను ఏలే టూల్‌కిట్ల ఆశ విఫల స్వప్నమేమోనని జావా బృందంలోని గ్రాహం హామిల్టన్ 2004లోనే అనుమానం వెలిబుచ్చారు. పోనీ, అదే థ్రెడ్‌కి వెనక్కి రానక్కర్లేదని అవెయిట్‌కి చెప్పే కన్ఫిగర్ అవెయిట్ ఫాల్స్‌ని విభూతిలా చల్లుదామా? దారిలో ఒక్క అవెయిట్ దగ్గర మరిచినా పిచ్చి మళ్ళీ మొదటికి రావచ్చు. ఇక డూ ఈవెంట్స్ పిలిస్తే విండో కదులుతుంది, నిజమే. పని సగంలో ఉండగా యూజర్ అదే బటన్‌ని మళ్ళీ నొక్కడానికీ దారి దొరుకుతుంది, ఒక ఆర్డరు రెండవుతుంది.

కాబట్టి అవెయిట్ మొదలుపెడితే బటన్ హ్యాండ్లర్ దాకా అవెయిటే ఉండాలి. ఎసింక్ వాయిడ్ ఆ హ్యాండ్లర్‌కి తప్ప ఇంకెక్కడా వద్దు, దాంట్లోంచి లేచిన ఎక్సెప్షన్ పిలిచినవాళ్ళ క్యాచ్‌కి చిక్కదు. పని అయ్యేదాకా బటన్‌ని డిసేబుల్ చేయండి. ఈసారి విండో బిగుసుకుంటే కోడు మొత్తంలో ‘.రిజల్ట్’ అని వెతికి, ఆ తర్వాతే ఎవరినైనా తిట్టండి.