స్విచ్‌పోర్ట్ షట్కం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: సిస్కో క్యాటలిస్ట్ స్విచ్చి కాన్ఫిగరేషన్ మోడ్‌లో ప్రవేశించిన నెట్‌వర్క్ ఇంజినీరు, అకౌంట్స్ విభాగం వారి ఫోన్ల తాకిడికి తాళలేక ఇట్లు పలుకుచున్నాడు.

మూలం:
ఇంటర్‌ఫేస్ గిగాబిట్ ఈథర్నెట్ 0/12
డిస్క్రిప్షన్ అకౌంట్స్-ప్రింటర్
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్విచ్‌పోర్ట్ యాక్సెస్ వీలాన్ 20
డూప్లెక్స్ ఆటో
నో షట్‌డౌన్

ప్రతిపదార్థం: (ఓ స్విచ్చీ! అని సంబోధన అధ్యాహారం) గిగాబిట్ ఈథర్నెట్ = సెకనుకు వంద కోట్ల బిట్లు మోయగల; ఇంటర్‌ఫేస్ = పోర్టులలో; 0/12 = పన్నెండవదానా; అకౌంట్స్-ప్రింటర్ = అకౌంట్స్ వారి ప్రింటరని; డిస్క్రిప్షన్ = పేరు వ్రాయించుకొని; మోడ్ యాక్సెస్ = ఏకవీలాన్ వ్రతము పూని; వీలాన్ 20 = ఇరవయ్యవ వీలాన్‌లో చేరి; డూప్లెక్స్ ఆటో = అవతలివారితో మాట్లాడి తేల్చుకొనుచు; నో షట్‌డౌన్ = మూతపడక వర్ధిల్లుము.

తాత్పర్యం: ప్రింటరు పనిచేయాలి.

అలంకారం: రెండో పాదంలో భ్రాంతిమంతం. కవి కాలంలో అక్కడ ప్రింటరు ఉండేది. ఇప్పుడా కేబుల్ చివర సీసీ కెమెరా కూడా ఉండొచ్చు; మ్యాక్ అడ్రస్ చూడకుండా డిస్క్రిప్షన్‌ను నమ్మరాదు.

పాఠాంతరం: ఐదో పాదాన్ని పాతకాపులు ‘డూప్లెక్స్ ఫుల్’ అని చదువుతారు, పైన ‘స్పీడ్ 100’ చేర్చి మరీ. ఒకప్పుడు ఆ పాఠం చెల్లింది. 1995లో ఫాస్ట్ ఈథర్నెట్ ప్రమాణంతో ఆటో నెగోషియేషన్ వచ్చిన కొత్తలో ఒకరి కార్డుకూ మరొకరి స్విచ్చికీ పొత్తు కుదిరేది కాదు. ఇప్పుడూ అదే పట్టుకుని వేలాడితే చిక్కే. ఇటు ఫుల్ అని బిగించగానే స్విచ్చి బేరం మానేస్తుంది. అటు ఆటోలో ఉన్న ప్రింటరు సంకేతాన్ని బట్టి వేగం 100 అని పసిగడుతుంది గానీ, డూప్లెక్స్ పసిగట్టే దారి లేదు. ప్రమాణం చెప్పినట్టే హాఫ్‌కు దిగుతుంది. ఇక ఇద్దరు వియ్యంకుల ముచ్చటే: ఒకాయన ఆగకుండా మాట్లాడతాడు, రెండో ఆయన ఎదుటివాడు నోరు విప్పగానే తన మాట మధ్యలో మింగేస్తాడు. దీపం పచ్చగా వెలుగుతుంది, పింగ్ వెళుతుంది. నలభై పేజీల పీడీఎఫ్ మాత్రం మొదటి పేజీ దగ్గరే గుడ్లప్పగిస్తుంది. ‘షో ఇంటర్‌ఫేసెస్’ కొడితే సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతూ కనిపిస్తాయి. కాబట్టి రెండు వైపులా ఆటో అన్నదే సాధుపాఠం. రాగి తీగ మీది గిగాబిట్‌కైతే 1999 ప్రమాణం దాన్ని తప్పనిసరే చేసింది.

ఆక్షేపణ: క్యాటలిస్ట్ పోర్టులు పుట్టుకతోనే తెరుచుకుని ఉంటాయి, మూసుకుని పుట్టేవి రౌటరువి, ‘నో షట్‌డౌన్’ వ్యర్థపదం కాదా? కాదు. మునుపటి ఇంజినీరు మూసి వెళ్లి ఉండవచ్చు.

ఛందస్సు: గణాలు తెలియవు గానీ యతి ఉంది. పాత స్పానింగ్ ట్రీలో లిజనింగ్ 15 సెకన్లు, లెర్నింగ్ 15 సెకన్లు. అంతవరకు పోర్టు కదలదు. పోర్ట్‌ఫాస్ట్ పెడితే యతిభంగం. ప్రింటరుకు అదే మేలు. మరో స్విచ్చి తగిలించే చోట మాత్రం పెట్టకండి.

ఫలశ్రుతి: పై ఆరు పాదాలూ రన్నింగ్ కాన్ఫిగ్‌లో, అంటే ర్యామ్‌లో ఉంటాయి. ‘రైట్ మెమరీ’ కొట్టకపోతే, కరెంటు పోయి వచ్చాక పన్నెండో పోర్టు పాత కాన్ఫిగరేషన్‌తోనే లేస్తుంది.