సగటు సారు

మన దేశంలో హైస్కూలు చదువుకి ఏ ఢోకా లేదు. నా మాట కాదిది, కేంద్ర విద్యాశాఖ బళ్ల లెక్కల నివేదిక యూడైస్ ప్లస్ మాట. 2024-25 లెక్కల్లో సెకండరీ స్థాయిలో 21 మంది పిల్లలకి ఒక టీచరున్నారు. 2020 జాతీయ విద్యా విధానం 30 లోపు ఉండాలంది; మనం 21 దగ్గరే కుదురుగా కూర్చున్నాం. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో సగటున 13 మందికి ఒకరట. ఫిన్లాండ్ దిగువ సెకండరీలో అయితే 9 మందికే ఒకరు. ఉంటారు మరి, చలిదేశం. ఇంట్లో కూర్చోలేక అందరూ టీచర్లయిపోయి ఉంటారు.

మనవైపు ఆ 21 మందికి పాఠం చెప్పే సారు ఎవరో, ఆయన్నొకసారి చూడాలని ఎవరికైనా ఉంటుంది. చూడలేరు. ఆయన సగటు సారు. జీతమడగడు, సెలవు పెట్టడు, బదిలీల కౌన్సెలింగ్‌లో భార్య ఉద్యోగం ఉన్న ఊరే కావాలని పేచీ పెట్టడు. ఏ ప్రభుత్వం వచ్చినా ఆయనంటే పడిచస్తుంది. హైదరాబాద్ కార్పొరేట్ స్కూలునీ, పాడేరు కొండమీది ఆశ్రమ పాఠశాలనీ, సర్కారు బడినీ, ప్రైవేటు బడినీ కూడి ఒకే భాగహారంలో వేస్తే పుట్టిన బిడ్డ ఆయన.

అసలీ పోటీలో ఫిన్లాండ్‌ని మనం ఎప్పుడో దాటేశామని చాలామందికి తెలీదు. అవే 2024-25 లెక్కల్లో ఒక్క పిల్లాడూ లేని బళ్లు దేశంలో 7,993. వాటిల్లో టీచర్లు 20,817 మంది. ఇవి అన్ని స్థాయిల బళ్లూ కలిపిన లెక్క. సున్నాని ఇరవై వేలతో భాగిస్తే ఎంతొస్తుందో ఐదో తరగతి పిల్లాణ్ణడిగినా చెప్తాడు, ఆ బళ్లో పిల్లాడంటూ ఉంటే. ఫిన్లాండ్ వందేళ్లు కష్టపడినా అందుకోలేని నిష్పత్తి. సింహభాగం పశ్చిమ బెంగాల్‌ది: 3,812 బళ్లు, 17,965 మంది టీచర్లు. 2,245 ఖాళీ బళ్లతో రెండో స్థానం మన తెలంగాణది. అయితే అక్కడ టీచర్లు 1,016 మందే. అంటే చాలా బళ్లలో పిల్లలూ లేరు, టీచర్లూ లేరు. తాళం ఎవరి దగ్గరుందో లెక్కల్లో లేదు.

ఆంధ్రప్రదేశ్ వేరే విభాగంలో ఫస్టు. అవే లెక్కల్లో ఒకే ఒక్క టీచరున్న బళ్లు అక్కడ 12,912. దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు. ఇవి చాలావరకు ప్రాథమిక బళ్లే కాబట్టి హైస్కూలు వాళ్లు మాకు సంబంధం లేదనొచ్చు. ఐదు తరగతుల్నీ ఒకే గదిలో ఒకే మనిషి దగ్గర చదివిన పిల్లలు ఆరో తరగతికొచ్చేది మాత్రం వాళ్ల దగ్గరికే. పిల్లల్లేని చోట బెంగాలీ మాస్టారు, ఊపిరాడని చోట తెలుగు మాస్టారు. ఇద్దర్నీ కలిపి సగటు కట్టండి, చూడముచ్చటైన అంకె వస్తుంది.

జపాన్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడ దిగువ సెకండరీలో నిష్పత్తి 13 దాకా ఉంటుంది, తరగతిలో మాత్రం సగటున 32 మంది దాకా కూర్చుంటారు. మిగతా టీచర్లు ఏమయ్యారు? ఎక్కడికీ పోలేదు. ఓఈసీడీ 2018లో చేసిన టాలిస్ టీచర్ల సర్వేలో జపాన్ టీచరు వారానికి 56 గంటలు పనిచేస్తాడని తేలింది. అందులో పాఠం చెప్పేది 18 గంటలే. మిగతాదంతా క్లబ్బులు, పాఠాల తయారీ, రాతకోతలు. అంటే నిష్పత్తి వేరు, తరగతి గది వేరు. మన అధికారినెవరినైనా అక్కడికి పంపితే నేర్చుకొచ్చే ముక్క ఒకటే: 32 మంది ఉన్నా పరవాలేదు.

ఫ్లోరిడా వాళ్లది మన బుర్రే. 2002లో ఓటు వేసి మరీ రాజ్యాంగంలో రాసుకున్నారు, హైస్కూలు ముఖ్య సబ్జెక్టుల తరగతిలో 25 మందికి మించకూడదని. ఖర్చు చూసి గుండె జారింది. ‘తల్లిదండ్రులు ఎంచుకునే బడి’ అని పేరు పెట్టుకుంటే తరగతి తరగతికీ కాకుండా బడి మొత్తం సగటు చూపిస్తే చాలని తర్వాత చట్టం చేశారు. ఇంకేముంది, చాలా బళ్లు వరసగా ఆ పేరు పెట్టేసుకున్నాయి.

మన చట్టమూ తక్కువది కాదు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం టీచర్ని జనగణన, విపత్తు సాయం, ఎన్నికల పనులకి తప్ప చదువుకి సంబంధంలేని వేరే పనికి పంపకూడదు. బడి మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని ఆ మధ్య ఆంధ్రలో టీచర్లకే ఇచ్చారు; అదీ చదువులో భాగమే కాబోలు. ఇంతకీ ఆ చట్టం ఎనిమిదో తరగతితోనే ఆగిపోతుంది. తొమ్మిది, పది పిల్లలు హక్కులు దాటి పెద్దవాళ్లయిపోయారన్నమాట.

ఇక ఎవరికి ఏ సబ్జెక్టు వచ్చన్నది నిష్పత్తి అడగదు. 114 మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు ఉన్న బడి హెడ్మాస్టరు జిల్లా ఆఫీసుకి వెళ్లాడనుకోండి.

“సార్, మా బళ్లో లెక్కలకి మనిషి లేరండీ.”

“మీ రేషియో ఎంత?”

“19 అండీ.”

“జిల్లాలో మీదే బెస్టు కదయ్యా! ఉన్నవాళ్లెవరు?”

“హిందీకి ఇద్దరున్నారండీ. లెక్కలకే...”

“హిందీకి ఇద్దరా! అయితే ఒకరు సర్‌ప్లస్. ఈ రేషనలైజేషన్‌లో తీసేస్తాం.”

“లెక్కలకి ఇస్తారా సార్?”

“ఎందుకూ? ఒకరు పోతే 23 అవుతుంది. 30 లోపే కదా!”