కాటిసీనుకు లేపండి!

పద్యనాటకానికి మళ్లీ మంచి రోజులొచ్చాయని నిర్వాహకులు మైకులో చెబుతుంటారు. ఆ చెప్పడం ఎంతకీ తెమలదు, అదే చిక్కు. ఏడింటికి అన్న బలిజేపల్లి వారి ‘హరిశ్చంద్ర’కు తెర లేచేసరికి తొమ్మిదిన్నర. శాలువాలు కప్పించుకున్న ముఖ్య అతిథులు నాంది పూర్తవకుండానే కారెక్కేస్తారు.

మిగిలినవాళ్లు మాత్రం రసజ్ఞులే సుమండీ. హరిశ్చంద్రుడు రాజ్యం ధారపోస్తుంటే పల్లీలు ఒలుచుకుంటారు. కాశీలో ఆలుబిడ్డల్ని అమ్ముకుంటుంటే వాట్సాప్ చూసుకుంటారు. ‘కాటిసీనుకు లేపరా’ అని మనవడికి పురమాయించి కునుకు తీసే తాతలూ ఉన్నారు. ఆ సీను రాగానే అందరికీ ప్రాణం లేచొస్తుంది. హార్మోనియం శ్రుతి అందుకోకముందే వెనక వరుస పెద్దాయన పద్యం ఎత్తుకుంటాడు. ఇక వన్స్‌మోర్ల జడివాన! లోపల చంద్రమతి కొడుకు ‘శవాన్ని’ భుజాన వేసుకుని ఎదురుచూస్తుంటుంది. మూడో వన్స్‌మోర్‌కి శవమే ‘ఇంకెంతసేపక్కా?’ అని అడుగుతుంది.

‘ఏం రాశాడయ్యా బలిజేపల్లి!’ అని చప్పట్లు. నిజానికి ఆ శ్మశాన పద్యాలు జాషువావి. డి.వి. సుబ్బారావు గొంతులో ఊరూరా మోగి నాటకంలో కలిసిపోయాయి. ఆ సంగతి చెబితే ‘ఎవరివైతేనేం, రాగం తీయించండి’ అంటారు.

రాగం అయిపోగానే సగం మంది బండ్లు స్టార్ట్ చేస్తారు. విశ్వామిత్రుడు రాజ్యం తిరిగిచ్చేసరికి ఎదురుగా మిగిలేది షామియానా కుర్రాడే. రాజ్యం లెక్క సరిపోయింది గానీ, కుర్చీలు రెండు తగ్గాయని అతగాడి గొడవ.